టెన్త్ గ్రేడ్‌లోనే తేల్చుకోవాల్సింది: ఏపీనా, ఐబీనా, కాలేజీ క్లాసులా?

జనవరి దాటిందంటే అమెరికాలో టెన్త్ గ్రేడ్ పిల్లలున్న తెలుగిళ్లలో ఒకటే చర్చ. వచ్చే ఏడాదికి క్లాసులు ఎంచుకోమని స్కూలు నుంచి ఫారం వస్తుంది. గడువు రెండు మూడు వారాలే. పిల్ల ఒకటి అంటుంది, కౌన్సెలర్ ఇంకొకటి అంటాడు. ఈలోపు ఎదురింటి వాళ్లబ్బాయి పదకొండు ఏపీలు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి క్లాసులు) తీసుకున్నాడన్న వార్త వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. ఇక టెన్షన్ మొదలు.

మన రోజుల్లో ఈ వయసుకి ఉన్నది ఒకే ప్రశ్న: ఎంపీసీయా, బైపీసీయా? అది తేలితే రెండేళ్లపాటు మళ్లీ ఆలోచించే పనే లేదు. ఇక్కడ కెమిస్ట్రీ చదవాలని నిర్ణయించుకున్నాక కూడా ఏ కెమిస్ట్రీ అన్నది మిగిలే ఉంటుంది. ఏపీ కెమిస్ట్రీ ఉంది, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ కోర్సు) కెమిస్ట్రీ ఉంది, దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీకి (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీకి) వెళ్లి చదివే కెమిస్ట్రీ ఉంది, మామూలు ఆనర్స్ (స్కూలే నడిపే, సాధారణ క్లాసు కంటే కాస్త కష్టమైన) కెమిస్ట్రీ కూడా ఉంది. ("మనవరాలు ఏపీ చదువుతోంది" అని చెబితే, అమెరికాలో ఆంధ్రప్రదేశ్ గురించి అంత చదవాల్సిందేముందని మా నాన్నగారు అడిగారు.)

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు ఈ ఘట్టం దాటారు. పెద్దమ్మాయి ఏపీల దారిలో వెళ్లింది. చిన్నవాడు లెవెన్త్ నుంచి సగం రోజు కాలేజీలో గడిపాడు. మా అక్క కూతురు ఐబీ చదువుతుంటే దగ్గరుండి చూశాను. ఈ మూడూ చూశాక నాకు అనిపించింది ఒక్కటే. ఏది గొప్పది అన్న ప్రశ్నకి జవాబు దొరకదు. కుదరకపోతే వెనక్కి రావచ్చా అన్న ప్రశ్నకి మాత్రం ప్రతి దారికీ స్పష్టమైన జవాబుంది. పదిహేనేళ్ల పిల్లకి వచ్చే ఏడాది ఏం నచ్చుతుందో, ఎంత బరువు మోయగలదో ఆ పిల్లకే తెలియదు. అందుకే నేనైతే లెక్క అక్కడి నుంచే మొదలుపెడతాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

వెనక్కి వచ్చే వీలు. అక్టోబరులో పిల్ల ఏడుస్తూ వస్తే ఏం చేయగలం? క్లాసు మారొచ్చా? మారితే ఆ మరక ఎక్కడైనా రాసి ఉంటుందా?

గ్రేడు ఎక్కడ మిగిలిపోతుంది. హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ (గ్రేడ్ల రికార్డు) ఒకటి, కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ ఇంకొకటి. మొదటిది కాలేజీలో చేరేదాకే పనికొస్తుంది. రెండోది పీజీ దాకా, మెడిసిన్ దాకా, లా దాకా వెంట వస్తుంది. పోలికలన్నిటిలో తక్కువగా మాట్లాడుకునేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

క్రెడిట్ (కాలేజీ డిగ్రీ లెక్కలోకి వచ్చే యూనిట్లు) ఎక్కడ చెల్లుతుంది. సొంత రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీలోనా, ఏ రాష్ట్రంలోనైనా, ప్రైవేట్ కాలేజీలోనా? ఇక్కడ ఇంకో మెలిక ఉంది. క్రెడిట్ ఇవ్వడం వేరు, మేజర్‌కి (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టుకి) కావాల్సిన క్లాసు చదివే పని తప్పడం వేరు. యూనివర్సిటీ క్రెడిట్లు ఇచ్చినా అవి ఎలెక్టివ్ (ఐచ్ఛిక సబ్జెక్టుల) ఖాతాలో పడితే ఇంజనీరింగ్ పిల్లవాడి డిగ్రీ ఒక్క నెల కూడా తగ్గకపోవచ్చు.

వారం ఎలా గడుస్తుంది. ప్రయాణం, నిద్ర, ఆట, సంగీతం క్లాసు, వారాంతపు కూచిపూడి అన్నీ కలిపి.

ఇల్లు మారే అవకాశం. ఉద్యోగం ప్రాజెక్టుతో ముడిపడి ఉన్నవాళ్లు దీన్ని మొదటి వరసలో పెట్టుకోవాలి. మన వాళ్లలో లెవెన్త్ మధ్యలో న్యూజెర్సీ నుంచి టెక్సస్‌కి మారిన కుటుంబాలు తక్కువేం లేవు.

డబ్బు సంగతి విడిగా చెప్పడం లేదు. పైవి తేలితే ఆ లెక్కా తేలుతుంది.

## ఏపీ: ఒక్కొక్క క్లాసుగా ఎంచుకునేది

ఏపీని నడిపేది కాలేజ్ బోర్డ్, కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్ఏటీ పెట్టే సంస్థే. నలభై దాకా సబ్జెక్టులున్నాయి. ఏ స్కూల్లో ఎన్ని చెబుతారన్నది ఆ స్కూలు ఇష్టం. ఏడాదంతా క్లాసు, మే నెలలో పరీక్ష, 1 నుంచి 5 దాకా స్కోరు, జులైలో ఫలితం. 2025లో ఒక్కో పరీక్షకి ఫీజు 99 డాలర్లు. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లో స్కూలే కడుతుంది. పరీక్షలకి నమోదు శరదృతువులోనే జరిగిపోతుంది. నవంబరు తర్వాత చేరినా, చేరాక రాయకపోయినా అదనంగా 40 డాలర్లు పడుతుంది.

కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు గందరగోళపడేది ఇక్కడే: క్లాసు గ్రేడు వేరు, పరీక్ష స్కోరు వేరు. టీచర్ ఇచ్చే ఏ (A) లేదా బీ (B) ట్రాన్‌స్క్రిప్ట్‌లోకి వెళ్తుంది, జీపీఏని (గ్రేడ్ల సగటుని) మారుస్తుంది. మేలో రాసే పరీక్ష స్కోరు దానికి సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. క్లాసులో ఏ వచ్చి పరీక్షలో 2 వచ్చిన పిల్లలున్నారు. అప్పుడు క్రెడిట్ రాదు. కానీ చాలా కాలేజీల దరఖాస్తుల్లో ఏ స్కోరు రాయాలి, ఏది వదిలేయాలి అన్నది పిల్లల చేతిలోనే ఉంటుంది. వెనక్కి వచ్చే వీలు విషయంలో ఏపీకి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇందుకే. మొదటి కొన్ని వారాల్లో ఏపీ నుంచి ఆనర్స్‌కి దిగే వీలు చాలా స్కూళ్లలో ఉంటుంది. పరీక్ష బాగా పోకపోతే ఆ స్కోరు కాలేజీ జీపీఏలో ఎక్కడా కనిపించదు.

క్రెడిట్ సంగతికొస్తే రాష్ట్రాన్ని బట్టి తేడా. టెక్సస్, ఇల్లినాయి, ఫ్లోరిడాల్లో 3 వచ్చినా పబ్లిక్ యూనివర్సిటీలు క్రెడిట్ ఇవ్వాలన్న చట్టాలున్నాయి. పేరున్న ప్రైవేట్ కాలేజీలు ఎక్కువగా 4 లేదా 5 అడుగుతాయి. కాల్‌టెక్, డార్ట్‌మత్ లాంటివి ఏపీకి డిగ్రీ క్రెడిట్ ఇవ్వవు. అక్కడికి వెళ్లాలనుకునే పిల్లకి ఏపీ వల్ల అడ్మిషన్‌లో మేలుంది, ఫీజులో మాత్రం తగ్గింపు ఉండదు.

ఇంకో చిన్న లెక్క. ట్వెల్త్‌లో రాసే ఏపీ పరీక్షల ఫలితాలు జులైలో వస్తాయి. అప్పటికి అడ్మిషన్లు అయిపోయి ఉంటాయి. కాబట్టి దరఖాస్తులో చూపించగల స్కోర్లు లెవెన్త్ మే నెలతో ఆఖరు. ఇప్పుడు నింపే ఫారానికి అంత బరువు ఉన్నది అందుకే.

ఎన్ని ఏపీలు అన్నదానికంటే ఏవి అన్నది చూడండి. ఇంజనీరింగ్ వైపు చూసే పిల్లకి క్యాలిక్యులస్ బీసీ, ఫిజిక్స్ సీ పనికొస్తాయి. ఫిజిక్స్ 1 ఆల్జీబ్రాతో నడిచేది కాబట్టి, ఇంజనీరింగ్ మేజర్‌కి కావాల్సిన ఫిజిక్స్ క్లాసు దానితో సాధారణంగా తప్పదు. లెక్క పెంచడానికి తీసుకున్న హ్యూమన్ జాగ్రఫీ, ఆసక్తి లేని పిల్లకి ఏడాదంతా రాత్రి పన్నెండు దాకా చదువే మిగులుస్తుంది. మా అమ్మాయి లెవెన్త్‌లో నాలుగు తీసుకుంది. మూడు చాలని ఇప్పటికీ నా అభిప్రాయం, తను మాత్రం ఒప్పుకోదు.

## ఐబీ: ఒకసారి ఎక్కితే రెండేళ్ల ప్రయాణం

ఐబీ డిప్లొమా 1968లో జెనీవాలో మొదలైంది. లెవెన్త్, ట్వెల్త్ రెండేళ్లూ కలిపి ఒకే కోర్సు. ట్వెల్త్‌లో మధ్యలో చేరడం కుదరదు. టెన్త్‌లోనే నిర్ణయించుకోకపోతే ఈ తలుపు మూసుకుపోతుంది. అందుకే ఐబీ ఉన్న స్కూల్లో చదివే వాళ్లకి ఈ ఫిబ్రవరి ముఖ్యం.

ఆరు సబ్జెక్టులుంటాయి. వాటిలో మూడు, ఒక్కోసారి నాలుగు, హయ్యర్ లెవెల్. మిగతావి స్టాండర్డ్ లెవెల్. హయ్యర్‌కి 240 గంటల బోధన, స్టాండర్డ్‌కి 150. ఒక్కో సబ్జెక్టుకి 7 పాయింట్లు, మొత్తం 42. వాటికి తోడు థియరీ ఆఫ్ నాలెడ్జ్, 4,000 మాటల ఎక్స్‌టెండెడ్ ఎస్సే కలిపి 3. అంతా కలిపితే 45. డిప్లొమా రావాలంటే కనీసం 24 తో పాటు ఇంకొన్ని షరతులు దాటాలి. పద్దెనిమిది నెలలపాటు సాగే క్యాస్ కూడా ఉంది: కళ, ఆట, సేవ.

ఐబీ ప్రత్యేకత రాత. ల్యాబ్ రిపోర్టు, చరిత్ర వ్యాసం, గణితంలో సొంతంగా ఒక అంశం తీసుకుని రాసే ప్రాజెక్టు, ఇలా ఏదో ఒకటి ఎప్పుడూ మీద పడి ఉంటుంది. మా అక్క కూతురు లెక్కల్లో చురుకైన పిల్ల, రాయడం అంటే బద్ధకం. మొదటి ఏడాది చాలా ఇబ్బంది పడింది. కానీ కాలేజీకి వెళ్లాక మొదటి సెమిస్టర్ పేపర్లు తోటి పిల్లలు తంటాలు పడుతుంటే తను మంచినీళ్లు తాగినట్టు రాసేసింది. ఈ లాభం ఏ క్రెడిట్ పట్టికలోనూ కనిపించదు.

సైన్స్ పిల్లలకి ఒక చిక్కుంది. ఆరు సబ్జెక్టుల్లో భాష, సాహిత్యం, సామాజిక శాస్త్రం తప్పవు. కళల సబ్జెక్టు బదులు రెండో సైన్స్ తీసుకోవచ్చు, అంతవరకే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, క్యాలిక్యులస్, కంప్యూటర్ సైన్స్ అన్నీ ఒకేసారి కావాలనుకునే పిల్లకి ఐబీ ఇరుకుగా ఉంటుంది. గణితంలోనూ రెండు రకాలున్నాయి. ఇంజనీరింగ్ ఆలోచన ఉంటే అనాలిసిస్ అండ్ అప్రోచెస్ తీసుకోవాలి. పొరపాటున రెండోది ఎంచుకుంటే తర్వాత సర్దుకోవడం కష్టం.

వెనక్కి రావాలంటే? పూర్తి డిప్లొమా వదిలేసి, కొన్ని సబ్జెక్టులు మాత్రమే ఐబీగా కొనసాగించవచ్చు. సగం మెట్లు దిగినట్టు. మరీ ఇబ్బంది కాదు, అంత సుఖమూ కాదు. అప్పటికే స్కూలు టైమ్‌టేబుల్ ఐబీ చుట్టూ అల్లుకుపోయి ఉంటుంది కాబట్టి, ఏపీలోకి మారాలంటే ట్వెల్త్‌లో ఖాళీలు దొరక్కపోవచ్చు.

క్రెడిట్ విషయంలో టెక్సస్ ఉదారంగా ఉంటుంది. డిప్లొమా వచ్చి, పరీక్షల్లో 4 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే పబ్లిక్ యూనివర్సిటీలు కనీసం 24 సెమిస్టర్ గంటల క్రెడిట్ ఇవ్వాలి. కాలిఫోర్నియాలో యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) 30 లేదా అంతకంటే ఎక్కువ పాయింట్లున్న డిప్లొమాకి 20 సెమిస్టర్ యూనిట్లు ఇస్తాయి. మిగతా చోట్ల ఎక్కువగా హయ్యర్ లెవెల్‌కే విలువ. ఇండియాకి తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకి ఇంకో మాట: ఐబీ డిప్లొమాని అక్కడ ఏఐయూ (అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్) ప్లస్ టూతో సమానంగా గుర్తిస్తుంది. అయితే ఇంజనీరింగ్, మెడిసిన్‌కి సబ్జెక్టుల షరతులు వేరుగా ఉంటాయి, అవి ముందే చూసుకుని ఎంచుకోవాలి.

## కాలేజీ క్లాసులు: నిజంగా కాలేజీయే, ఆ మాట మరిచిపోవద్దు

దీన్ని డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు, డ్యుయల్ క్రెడిట్ అని కూడా అంటారు. రాష్ట్రానికో పేరు. వాషింగ్టన్‌లో రన్నింగ్ స్టార్ట్, ఒహాయోలో కాలేజ్ క్రెడిట్ ప్లస్, మిన్నెసోటాలో పీఎస్ఈఓ, నార్త్ కరోలినాలో కెరీర్ అండ్ కాలేజ్ ప్రామిస్. పిల్ల హైస్కూల్‌లో ఉండగానే కాలేజీ క్లాసు చదువుతుంది, అది హైస్కూల్‌కీ కాలేజీకీ రెండిటికీ లెక్కకి వస్తుంది. కొన్నిచోట్ల కాలేజీ క్యాంపస్‌కి వెళ్లాలి, కొన్నిచోట్ల హైస్కూల్ టీచరే కాలేజీ సిలబస్ చెబుతారు.

దీని మీద మన వాళ్లకి రెండు అభిప్రాయాలే. ఒకటి, "ఫ్రీగా రెండేళ్ల కాలేజీ". రెండోది, "కమ్యూనిటీ కాలేజీయా, ఛ!" రెండూ తొందరపాటు మాటలే.

డబ్బు నిజంగానే మిగులుతుంది. రన్నింగ్ స్టార్ట్‌లో లెవెన్త్, ట్వెల్త్ పిల్లలకి ట్యూషన్ ఉండదు. పుస్తకాలు, కొన్ని ఫీజులు, ప్రయాణం మనవి. ఫ్లోరిడాలో పబ్లిక్ స్కూలు పిల్లలకి ట్యూషన్‌తో పాటు పుస్తకాల ఖర్చు కూడా పడదు. జార్జియాలో రాష్ట్రం కట్టేది 30 సెమిస్టర్ గంటల దాకానే. న్యూజెర్సీ లాంటి చోట్ల ఖర్చు కుటుంబానిదే కావడం ఎక్కువ. అందుకే ఇంకో రాష్ట్రంలో ఉన్న స్నేహితుడి సలహా ఇక్కడ అక్షరాలా పనికిరాదు.

ఇంకో లాభం, ఒక్కరోజు పరీక్ష మీద అంతా ఆధారపడదు. సెమిస్టర్ పొడుగునా చదివి సీ లేదా బీ తెచ్చుకుంటే క్రెడిట్ వస్తుంది. పరీక్ష హాల్లో చేతులు వణికే పిల్లలకి ఇది వరం. టైమూ కలిసొస్తుంది. వాషింగ్టన్‌లో 5 క్వార్టర్ క్రెడిట్ల కాలేజీ క్లాసు హైస్కూల్‌లో ఏడాది క్లాసుతో సమానం. మా వాడు పదకొండు వారాల్లో యూఎస్ హిస్టరీ ముగించి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఇక మరకల సంగతి. కాలేజీ క్లాసు మొదటి వారం పది రోజుల్లో వదిలేస్తే ఏ ఆనవాలూ ఉండదు. ఆ తర్వాత వదిలితే ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ (విత్‌డ్రా, అంటే మధ్యలో వదిలేసినట్టు) పడుతుంది. ఇంకా ఆలస్యమైతే వచ్చిన గ్రేడే పడుతుంది, అది శాశ్వతం. పదహారేళ్లకి కెమిస్ట్రీలో వచ్చిన సీ, ఇరవై ఒకటికి మెడికల్ స్కూల్ దరఖాస్తులో కనిపిస్తుంది. మెడికల్ స్కూళ్ల ఉమ్మడి దరఖాస్తు ఏఎంసీఏఎస్‌లో హైస్కూల్ రోజుల్లో చదివిన కాలేజీ క్లాసులు కూడా రాయాలి, అవి జీపీఏలో కలుస్తాయి. డాక్టర్ కావాలనుకునే పిల్లల తల్లిదండ్రులకి ఈ ఒక్క విషయం టెన్త్‌లోనే తెలియాలి. తెలియక చేరిన వాళ్లని చూశాను.

రెండో సంగతి మనకి మింగుడుపడనిది. కాలేజీలో చేరిన క్షణం నుంచి, వయసు ఎంతైనా, ఆ రికార్డుల మీద హక్కు పిల్లలది. ఎఫ్ఈఆర్‌పీఏ అనే ఫెడరల్ చట్టం అలా చెబుతుంది. ప్రొఫెసర్‌కి మనం ఈమెయిల్ పెడితే మర్యాదగా "మీ అబ్బాయినే అడగండి" అంటారు. గ్రేడ్లు చూసుకునే యాప్‌లో కాలేజీ క్లాసు కనిపించదు. మొదటి నెల నాకు నిద్ర పట్టలేదు. అయితే గడువులు తనే చూసుకోవడం, ఆఫీస్ అవర్స్‌కి (ప్రొఫెసర్‌ని కలిసే వేళలకి) వెళ్లి అడగడం వాడు నేర్చుకున్నది మాత్రం ఆ నెలలోనే.

మూడోది, ఆ క్రెడిట్లు ఎక్కడ చెల్లుతాయన్నది. సొంత రాష్ట్రంలో దాదాపు ఇబ్బంది ఉండదు. ఫ్లోరిడాలో, టెక్సస్‌లో కాలేజీ క్లాసులకి ఉమ్మడి నంబర్లున్నాయి, కాలిఫోర్నియాలో ఏ క్లాసు ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో అసిస్ట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. రాష్ట్రం దాటితే ఒక్కో క్లాసుకీ సిలబస్ పంపి ఒప్పించుకోవాల్సి రావచ్చు. హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కి వాడుకున్న కాలేజీ క్లాసుకి మళ్లీ క్రెడిట్ ఇవ్వబోమనే ప్రైవేట్ కాలేజీలు చాలా ఉన్నాయి.

## మామూలు ఆనర్స్ క్లాసులు

వీటి గురించి ఎవరూ మాట్లాడరు, కాబట్టి ఒక్క మాట. కామన్ యాప్‌తో (చాలా కాలేజీలకి కలిపి పెట్టే ఒకే దరఖాస్తుతో) పాటు కౌన్సెలర్ పంపే స్కూల్ రిపోర్టులో, ఆ స్కూల్లో దొరికే క్లాసులతో పోలిస్తే ఈ పిల్ల ఎంత కష్టమైనవి తీసుకుందన్న ప్రశ్న ఉంటుంది. పోలిక ఆ స్కూల్లో ఉన్నవాటితోనే. స్కూల్లో ఆరు ఏపీలే ఉంటే పన్నెండు లేవని ఎవరూ తప్పు పట్టరు. ఇంగ్లిష్ ఇంకా తడబడే పిల్ల, ఆరోగ్య సమస్యలున్న పిల్ల, ఒకే ఒక విషయం మీద పిచ్చిగా పనిచేసే పిల్ల: వీళ్లకి రెండు ఏపీలు, మిగతావి ఆనర్స్ అన్నది తెలివైన ఎంపికే.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | ఏపీ | ఐబీ డిప్లొమా | కాలేజీ క్లాసులు | ఆనర్స్ |
|---|---|---|---|---|
| ఎప్పుడు మొదలుపెట్టొచ్చు | ఏ ఏడాదైనా | లెవెన్త్‌లో మాత్రమే | రాష్ట్రాన్ని బట్టి, ఎక్కువగా లెవెన్త్ | ఏ ఏడాదైనా |
| వెనక్కి వచ్చే వీలు | ఎక్కువ | సగం సగం | మొదటి రోజుల్లోనే | ఎక్కువ |
| కాలేజీ జీపీఏలో పడుతుందా | పడదు | పడదు | పడుతుంది | పడదు |
| క్రెడిట్ దేన్ని బట్టి | మే పరీక్ష స్కోరు | పరీక్షలు, ప్రాజెక్టులు, ఎస్సే | సెమిస్టర్ గ్రేడు | క్రెడిట్ ఉండదు |
| రాష్ట్రం మారితే | దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది | కొత్త ఊళ్లో ఐబీ స్కూలు ఉండాలి | మళ్లీ మొదటికి రావచ్చు | ఇబ్బంది లేదు |
| ఏ పిల్లలకి బరువు | పరీక్ష భయం ఉన్నవాళ్లకి | రాయడం ఇష్టం లేనివాళ్లకి | గడువులు మరిచిపోయేవాళ్లకి | ఎవరికీ కాదు |

ఫ్లోరిడాలో ఉన్నవాళ్లకి కేంబ్రిడ్జ్ ఏఐసీఈ అని ఇంకో దారి కూడా కనిపిస్తుంది. ఐబీకి దగ్గరి చుట్టమే, కాకపోతే సబ్జెక్టుల ఎంపికలో కాస్త స్వేచ్ఛ ఎక్కువ.

## మీ ఇంటికి ఏది

సొంత రాష్ట్రం యూనివర్సిటీ చాలు, ఖర్చు తగ్గాలి అనుకుంటే కాలేజీ క్లాసులు ముందు చూడండి. ఎచ్-4 (ఎచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఉన్న పిల్లల ఇళ్లలో ఈ లెక్కకి ఇంకా బరువుంది, ఎందుకంటే ఎఫ్ఏఎఫ్ఎస్ఏ అనే దరఖాస్తు ద్వారా వచ్చే ఫెడరల్ సాయం వాళ్లకి అందదు. తగ్గిన ప్రతి సెమిస్టర్ నేరుగా మన జేబులో మిగిలే డబ్బే. అయితే చేరేముందు ఆ కాలేజీ మిమ్మల్ని రాష్ట్ర నివాసిగా లెక్కిస్తుందో లేదో రెసిడెన్సీ విభాగంలో అడగాలి.

డాక్టర్ కావాలంటోంది అంటే సైన్స్ క్లాసులని ఏపీలోనో ఐబీలోనో ఉంచండి. కాలేజీ క్లాసులు తీసుకుంటే ఇంగ్లిష్, సైకాలజీ, ప్రభుత్వ పాలన లాంటివి, అదీ కచ్చితంగా ఏ (A) వస్తుందన్న నమ్మకం ఉంటేనే. చాలా మెడికల్ స్కూళ్లు ఏపీ క్రెడిట్‌ని ప్రీ-మెడ్ సైన్స్‌కి ఒప్పుకోవు. ఏపీ బయాలజీలో 5 వచ్చినా కాలేజీలో బయాలజీ మళ్లీ చదవాల్సి వస్తే నిరాశపడకండి.

టెక్సస్‌లో ఉన్నాం, యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) కావాలి అనేవాళ్లకి ర్యాంకు లెక్క వేరు. 2026 ఫాల్ నుంచి అక్కడ ఆటోమేటిక్ అడ్మిషన్ టాప్ 5 శాతానికే, అంతకుముందు 6 శాతం. చూసేది లెవెన్త్ చివరి ర్యాంకు. మీ డిస్ట్రిక్టులో డ్యుయల్ క్రెడిట్‌కి ఏపీతో సమానంగా పాయింట్లు ఇస్తారా, తక్కువిస్తారా అన్నది ఫారం నింపేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న. తక్కువిస్తే అక్కడ ఏ (A) తెచ్చుకున్నా ర్యాంకు జారుతుంది. ఇంకో సంగతి, ఆటోమేటిక్ అడ్మిషన్ యూనివర్సిటీకే. కంప్యూటర్ సైన్స్ మేజర్‌కి హామీ లేదు.

కాలిఫోర్నియా, యూసీలు అంటే టెన్త్ గ్రేడ్‌కే విలువ మొదలైంది. యూసీ జీపీఏలో నైన్త్ తర్వాతి వేసవి నుంచి లెవెన్త్ తర్వాతి వేసవి దాకా వచ్చిన గ్రేడ్లే లెక్కకి వస్తాయి. ఆనర్స్ పాయింట్లు ఎనిమిది సెమిస్టర్లకే ఇస్తారు, అందులో టెన్త్‌వి నాలుగు దాటకూడదు. ఏపీ, ఐబీ, బదిలీ అయ్యే కాలేజీ క్లాసు మూడిటికీ ఆ పాయింట్ వస్తుంది. కాబట్టి పదకొండు ఏపీలతో జీపీఏ ఆకాశానికి వెళ్తుందన్న ఆశ ఇక్కడ పనిచేయదు. ఎస్ఏటీ అయితే యూసీలు అసలు చూడనే చూడవు.

ప్రాజెక్టు ఎప్పుడు మారుతుందో తెలియదు అనుకునే ఇంటికి ఏపీ తప్ప ఇంకోటి నేను చెప్పను. ఐబీ మధ్యలో ఊరు మారడం పిల్లకి పెద్ద శిక్ష.

పేరున్న ప్రైవేట్ కాలేజీలే లక్ష్యం అయితే స్కూల్లో ఐబీ ఉండి, పిల్లకి చదవడం రాయడం ఇష్టమైతే ఐబీ. లేకపోతే ఏపీలు. క్రెడిట్ గురించి బెంగ పెట్టుకోకండి, అక్కడ అది పెద్దగా పనికిరాదు.

కలిపి తీసుకోవడమూ ఉంది. ఏపీ క్యాలిక్యులస్ స్కూల్లో చదివి, స్కూల్లో లేని లీనియర్ ఆల్జీబ్రా కాలేజీలో చదవడం మంచి పద్ధతి. స్కూల్లో ఏపీ కెమిస్ట్రీ కష్టమని అదే కెమిస్ట్రీని కాలేజీలో తీసుకోవడం మాత్రం నాకు నచ్చదు. తేలిగ్గా ఉంటుందన్న ఆశతో వెళ్తే గ్రేడు శాశ్వతమన్న భయం ఎదురవుతుంది.

## ఈ ఏడాదే ఇంకొన్ని

పీఎస్ఏటీ (ఎస్ఏటీకి ముందు రాసే సన్నాహక పరీక్ష) గురించి ఎక్కువ కంగారు వద్దు. టెన్త్‌లో రాసేది సాధన కోసమే. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి లెక్కకి వచ్చేది లెవెన్త్ అక్టోబరులో రాసేది. ఎస్ఏటీ ఇప్పుడు కంప్యూటర్ మీద 2 గంటల 14 నిమిషాలు. అలాంటిదే ఇంకో ప్రవేశ పరీక్ష ఏసీటీని కూడా 2025 నుంచి కుదించారు, సైన్స్ విభాగం ఐచ్ఛికమైంది. ఈ వేసవిలో రెండిటివీ ఉచిత సాధన పరీక్షలు ఒక్కొక్కటి రాయించి, ఏది సౌకర్యంగా ఉందో పిల్లనే చెప్పనివ్వండి. రెండూ రాయించడం డబ్బు దండగ.

కౌన్సెలర్‌తో మాట్లాడడానికి అపాయింట్‌మెంట్ దొరికితే పదిహేను నిమిషాలే ఉంటుంది. అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్లండి, పిల్లని వెంటబెట్టుకుని వెళ్లండి, మాట్లాడేది పిల్లనే కానివ్వండి. జీపీఏలో దేనికెంత పాయింటు, గత ఏడాది ఈ క్లాసులో ఎంతమంది మధ్యలో ఆనర్స్‌కి దిగారు, మొదటి నెలలో కుదరకపోతే ఏ క్లాసులోకి మార్చగలరు, ఈ మూడు చాలు. చివరగా క్లాసు వదలడానికి ఆఖరి తేదీ అడగండి. కాలేజీ క్లాసులకి కాలేజీ క్యాలెండర్‌లో ఒక తేదీ ఉంటుంది, స్కూలు క్యాలెండర్‌లో ఇంకోటి ఉంటుంది. రెండూ రాసి ఫ్రిజ్ మీద అతికించండి. మా ఇంట్లో స్కూలుది ఒక్కటే అతికించాం, కాలేజీది ఆరు రోజుల ముందే దాటిపోయింది.